మజిలీల దారి: బండి ఆత్మకూరు సీమలో ఎద్దుబండి యాత్రలు

తూర్పున నల్లమల, పడమట ఎర్రమల కొండల వరుసలు నిలిచి, నడుమ కుందూ నది దక్షిణంగా పారి పెన్నలో కలిసే నల్లరేగడి మైదానమే నంద్యాల సీమ. ఈ సీమలో నల్లమల అంచును పట్టుకొని ఉత్తరాన వెలుగోడు నుంచి దక్షిణాన అహోబిలం దాకా సాగే పాత బాటపై బండి ఆత్మకూరు ఒక మజిలీ ఊరు. మజిలీ అంటే యాత్రికులు పగటి ప్రయాణం ముగించి, ఎద్దులను విప్పి, పొయ్యి పెట్టి వండుకొని తిని, రాత్రి గడిపి, కోడి కూయకముందే మళ్లీ బండి కట్టే తావు. 2022 ఏప్రిల్ 4న కర్నూలు జిల్లా నుంచి విడివడి ఏర్పడిన నంద్యాల జిల్లాలో ఇది ఈనాడు ఒక మండల కేంద్రం. నంద్యాల నుంచి ఉత్తరాన ఉన్న మరో ఊరు ఆత్మకూరుకు పోయే బస్సులోని ప్రయాణికుడికి నాలుగు దుకాణాలు, ఒక కూడలి కనబడి, ఊరి పేరు చదివేలోపే దాటిపోయే ఊరు. ఈ సీమలోని దేవుళ్లు ఎక్కడికీ పోలేదు, భక్తుల సంఖ్య తగ్గకపోగా పెరిగింది కూడా. కనుమరుగైనదల్లా గుడికీ ఇంటికీ నడుమ ఉండిన దారి, ఆ దారిని నమ్ముకొని బతికిన ఊళ్లు, ఆ ఊళ్లు యాత్రికుడి పట్ల పాటించిన మర్యాదలు.

ఆ బాట వెంబడి క్షేత్రాలు ఎంత దగ్గరదగ్గరగా ఉన్నాయో తెలిస్తే గాని మజిలీల అవసరం బోధపడదు. బండి ఆత్మకూరు మండలంలోనే, కొండ పాదంలో, ఓంకారం అనే శివక్షేత్రం ఉంది. అక్కడి స్వామిని ఓంకార సిద్ధేశ్వరుడని కొలుస్తారు. అదే మండలంలోని కడమలకాల్వ గ్రామంలో శివనంది ఆలయం ఉంది. ఇది నవనందులలో ఒకటి. నవనందులంటే నంద్యాల చుట్టూ ఉన్న తొమ్మిది శివాలయాలు: చామకాలువ ఒడ్డున ఉన్న ప్రథమ నందితో మొదలుపెట్టి నాగనంది, సోమనందులను పట్టణంలోనే చూసుకొని, సూర్యనంది, శివనంది, కృష్ణనందుల కోసం పల్లెల్లోకీ అడవి అంచుకూ వెళ్లి, వినాయక నంది, గరుడ నందులను దర్శించి, చివరకు మహానందిలో కోనేటి స్నానంతో యాత్ర ముగించడం ఆచారం. బాదామి చాళుక్యుల కాలపు నాగర రీతి విమానం గల మహానంది గుడిలో లింగం అడుగు నుంచి ఊరే నీరు కోనేటిని నింపి, బయటి గుండాలను దాటి, అరటి తోటలకూ వరి మళ్లకూ పారుతుంది. కోనేటి అడుగున పడిన చిన్న నాణెం కూడా కనిపించేటంత తేటగా ఉండే ఈ నీటిని గురించి ఈ సీమవారు చెప్పినంత గర్వంగా మరి దేన్ని గురించీ చెప్పరు. దక్షిణాన ఆళ్లగడ్డ దాటితే తొమ్మిది నరసింహ రూపాల అహోబిలం, ఉత్తరాన ఆత్మకూరు దాటి అడవిలోకి వెళితే శ్రీశైలం. ఈ రెండు మహాక్షేత్రాల నడుమ దారిలో బండి ఆత్మకూరు ఉంది.

ఈ బాట గుండా సాగిన యాత్రకు అక్షరరూపంలో మిగిలిన సాక్ష్యాలలో ముఖ్యమైనది ఏనుగుల వీరాస్వామయ్య రాసిన కాశీయాత్ర చరిత్ర. మద్రాసు సుప్రీం కోర్టులో ద్విభాషిగా, అంటే న్యాయస్థానంలో మాటలను ఒక భాష నుంచి మరొక భాషలోకి మార్చి చెప్పే ఉద్యోగిగా పనిచేసిన ఆయన 1830 మే 18న పెద్ద పరివారంతో కాశీకి బయలుదేరి, తిరుపతి, కడపల మీదుగా అహోబిలం చేరి, అక్కడి నుంచి మహానంది చూసుకొని, కొండ అంచు వెంబడి ఆత్మకూరు చేరి శ్రీశైలం ఎక్కాడు. ఆయన దృష్టి గుళ్ల మీద ఎంత నిలిచిందో దారి మీద అంతే నిలిచింది: ఏ ఊరిలో దిగడానికి వసతి ఉంది, ఎక్కడ సరుకులు దొరుకుతాయి, బాట గులక నేలా రేగడి నేలా, నీళ్లు మంచివా కావా అన్న సంగతులు మజిలీ తర్వాత మజిలీగా నమోదయ్యాయి. ఆ కాలానికి ఈ సీమలో చాలా భాగం కందనూరు, అంటే కర్నూలు నవాబు ఏలుబడిలో ఉండేది. శ్రీశైలం యాత్రికుల నుంచి నవాబు మనుషులు హాశీలు, అంటే సుంకం, వసూలు చేస్తూ గుడి బాగోగులు మాత్రం పట్టించుకోవడం లేదని వీరాస్వామయ్య విమర్శించాడు. 1839లో ఇంగ్లీషు కంపెనీ నవాబును తొలగించి కర్నూలును స్వాధీనం చేసుకుంది. పాలకులు మారారు గాని, బాటా బండీ మజిలీ మరో రెండు మూడు తరాల దాకా దాదాపు అలాగే నిలిచాయి.

ఆ నిలకడకు కారణం భక్తి కంటే ముందు నేల. నల్లరేగడి వాన పడితే జిగటై, చక్రానికి పొరలు పొరలుగా అంటుకొని, ఎంతటి ఎద్దుల జతనైనా నిలబెట్టేస్తుంది. ఎండాకాలంలో అదే నేల నెర్రెలు విచ్చి ఎద్దు గిట్టను పట్టేస్తుంది. ఈ రెంటికీ మధ్య, సంక్రాంతి నుంచి ఉగాది దాకా, నేల గట్టిపడి, బండి దారి నునుపుదేరి, రాత్రులు చల్లగా ఉండే రెండు మూడు నెలలే ఈ సీమకు నిజమైన ప్రయాణ కాలం. తొలకరిలో విత్తే ముంగారి పైర్లు ఇల్లు చేరి, వెనక వానలకు విత్తే హింగారి జొన్న కూడా కోతకు వచ్చి, గాదెలు నిండి, చొప్ప వామి పడ్డాక రైతుకు చేతిలో కాస్త తీరిక, ఎద్దుకు మేత, ఇంట్లో గింజలు ఒకేసారి సమకూరేవి. అహోబిల స్వామి పారువేట ఊరేగింపు కనుమ నాడు మొదలుకావడం, మహాశివరాత్రి తిరునాలలు మాఘమాసాంతంలో రావడం, శ్రీశైలానికి కన్నడ సీమల నుంచి వచ్చే వీరశైవ యాత్రికులు కాలినడకన ఉగాదికి చేరుకోవడం కేవలం పంచాంగం నిర్ణయించినవిగా కనిపిస్తాయి గాని, జొన్న కోత, రేగడి తడి, ఎద్దు బలం అనే మూడు లెక్కలు కుదరని చోట ఏ తిరునాలా పెద్ద తిరునాలగా ఎదగలేదు. కార్తీకమాసంలో నవనందుల యాత్ర ఈ లెక్కకు ఒక మినహాయింపు. అప్పటికి నేల పూర్తిగా ఆరదు కనుక చుట్టుపక్కల ఊళ్ల వారే, అదీ ఎక్కువగా కాలినడకన, ఆ తొమ్మిది గుళ్లనూ చుట్టి వచ్చేవారు. ఈనాడు కార్తీక సోమవారాల్లో దూరప్రాంతాల వారితో నిండిపోయే నవనందుల రద్దీ తారురోడ్డు పుణ్యమే.

యాత్రకు బండి సిద్ధం చేయడం దానికదే ఒక పెద్ద పని. మామూలు రోజుల్లో ఎరువు తోలే, గింజలు మోసే బండికే వెదురు దబ్బలు వంచి గూడు కట్టి, పైన ఈతచాప కప్పి, లోపల వరిగడ్డి పరచి, దాని మీద జంపఖానా వేస్తే అది గూడు బండి అయ్యేది. ఊరి వడ్రంగి చక్రపు ఆకులను, అంటే కుంభం నుంచి అంచుకు పోయే కర్రలను, తట్టి చూసి వదులైనవాటిని బిగించేవాడు. కమ్మరి ఇనుప పట్టాను నిప్పుల్లో ఎర్రగా కాల్చి చక్రానికి తొడిగి నీళ్లు చల్లితే అది ముడుచుకొని కర్రను గట్టిగా పట్టేది. ఆముదంలో గడ్డి మసి కలిపి చేసిన కందెన వెదురు గొట్టంలో పోసి బండి కింద వేలాడదీసేవారు. దారిలో ఇరుసు కీచుమంటే బండి ఆపి కందెన పెట్టడం తోలేవాడి విధి. ఎద్దులకు నాడాలు కొట్టించి, కొమ్ములకు రంగు పూసి, మెడకు మువ్వల పట్టెడ కట్టడంతో మగవారి పని ముగిసేది. ఆడవారి పని అంతకు వారం ముందే మొదలయ్యేది: నిలవకు ఆగే జొన్నరొట్టెలు, పులిసన్నానికి చింతపండు పులుసు, గురుగులో ఊరగాయ, చనక్కాయల పొడి, పిల్లలకు బొరుగులు, బెల్లం మూటగట్టి, కొర్ర బియ్యం, కందిపప్పు కొలిచి పెట్టుకునేవారు. దారిలో కొనే అలవాటు తక్కువ. మజిలీ ఊరిలో కొనేది ఉప్పు, నూనె, కొత్త కుండ మాత్రమే. ముందురోజు మజిలీలో మరొకరు వాడి వదిలిన కుండ ముట్టకూడదన్న పట్టింపు వల్ల కుమ్మరికి తిరునాల కాలమంతా చేతినిండా పని ఉండేది.

బండి నడక గంటకు మూడు నాలుగు కిలోమీటర్లకు మించదు. దూరాన్ని ఆమడల్లో, అంటే సుమారు ఎనిమిది మైళ్ల కొలతలో, లెక్కించిన ఆ కాలంలో రోజుకు రెండు ఆమడలు సాగితే మంచి ప్రయాణమే. ఆళ్లగడ్డ వైపు నుంచి బయలుదేరిన బండ్లు శ్రీశైలం చేరడానికి అడవి నడకతో కలిపి వారం దాకా పట్టేదంటే, ఆ వారంలో ఐదారు రాత్రులు ఏదో ఒక ఊరి చావిడి ముందు, చింతతోపులో, గుడి ప్రాకారం పక్కన గడిచేవి. చావిడి అంటే ఊరి పంచాయితీలు జరిగే, బాటసారులు తలదాచుకునే కప్పు గల అరుగు. బండ్లు వచ్చి ఆగగానే తలారి, అంటే గ్రామ కావలివాడు, వచ్చి ఎవరు, ఎక్కడివారు, ఎన్ని తలలు అని విచారించేవాడు. అది అనుమానం కాదు, ఆ రాత్రికి వారి సొమ్ముకూ ఎద్దులకూ ఊరు పూచీపడుతున్నదని చెప్పే పద్ధతి. రాత్రి తలారి చావిడి చుట్టూ తిరిగినందుకు తెల్లవారి పిడికెడు గింజలు అతడి పంచె కొంగులో పడేవి. నీళ్లబావి ఎవరికి, తొట్టి ఎద్దులకు ఎప్పుడు, ఎవరి పొలంలో బండి విప్పవచ్చు అన్నవన్నీ రాసిపెట్టని కట్టుబాట్లే. ఏటా ఒకే ఊరిలో ఒకే చెట్టు కింద దిగే కుటుంబాలకూ ఆ ఊరి కుటుంబాలకూ మధ్య వరసలు కలిసి, అన్నా, వదినా, పెద్దమ్మా అన్న పిలుపులు ఏర్పడి, ఒక్కోసారి అవి పెళ్లి సంబంధాల దాకా సాగేవి. ఈ సీమ పల్లెల్లో దూరపు చుట్టరికాల మూలం వెదికితే, తిరునాల దారిలో విప్పిన ఒక బండి దగ్గర తేలడం అరుదేమీ కాదు.

రాత్రి మజిలీకి మరొక ముఖమూ ఉంది. యాత్రికులు ఎక్కడ ఆగుతారో తెలిసిన కళాకారులు అక్కడికే చేరేవారు: తంబుర మీటుతూ డక్కీలు వాయిస్తూ వీరుల కథలు చెప్పే బుడగజంగాలు, తోలుబొమ్మలాట వారు, తత్వాలు పాడే బైరాగులు. బనగానపల్లె రవ్వలకొండ మీద కాలజ్ఞానం రాశాడని చెప్పే పోతులూరి వీరబ్రహ్మం ఈ సీమవాడి కిందే లెక్క కనుక ఆయన తత్వాలకు ఇక్కడ శ్రోతలు ఎన్నడూ కరువు కాలేదు. పొలం గట్టు దాటి పదేళ్లకు ఒకసారైనా బయటి ఊరు చూడని ఆడవారికి యాత్రా రాత్రులు ఒక విడుపు. అత్తగారి కట్టుబాటు, ఇంటి చాకిరీ కొంత సడలి, తమ ఈడు వారితో మాట్లాడుకోవడానికి వీలు దొరికే కొద్ది రోజులవి. యాత్రలంటే మగవారి కంటే ఆడవారు ఎక్కువ ఆరాటపడేవారన్న మాటలో భక్తితోపాటు ఈ లెక్క కూడా ఉందని గుర్తించాలి.

అయితే ఆ దారి అందరికీ ఒకే దారి కాదు. చావిడి అరుగు కొన్ని కులాలకే. సత్రాలు కులాల వారీగా వెలిశాయి. దళితులు బండ్ల వెంట నడిచినా, తప్పెట కొట్టినా, కట్టెలు కొట్టి ఇచ్చినా ఊరి బావికీ గుడి గడపకూ దూరంగానే నిలవవలసి వచ్చేది. మద్రాసు రాష్ట్రంలో దేవాలయ ప్రవేశ చట్టం 1947లో వచ్చే దాకా ఆ గడప దాటే హక్కు చట్టంలోనే లేదు. చట్టం వచ్చిన తర్వాతా పల్లె గుడుల్లో అది అమలు కావడానికి ఏళ్లు పట్టింది. వేలమంది ఒకే కోనేటిలో మునిగి, ఆ నీళ్లే తాగిన తిరునాలల వెంట కలరా నడిచేది. అడవి దారిలో మన్యపు జ్వరం, అంటే మలేరియా, కాచుకొని ఉండేది. కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడితో సమానమని పెద్దలు అన్నది శ్రీశైలానికీ కొంత వర్తించేది. వృద్ధులు బయలుదేరే ముందు అప్పులు తీర్చి, పొలం సంగతి కొడుకులకు చెప్పి వెళ్లేవారు. ఆ కాలాన్ని తలచుకొని కేవలం మురిసిపోయేవారు ఈ సంగతులను వదిలేస్తారు; వదిలేస్తే మిగిలేది చరిత్ర కాదు.

ఆత్మకూరు దగ్గర బండ్ల దారి ముగిసి కాలిబాట మొదలయ్యేది. ఎద్దులను తెలిసినవారి దొడ్లో కట్టేసి, వృద్ధులను డోలీల్లో కూర్చోబెట్టి, నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను, కైలాసద్వారం మీదుగా యాత్రికులు గుంపులుగా శ్రీశైలానికి నడిచేవారు. 14వ శతాబ్దిలో రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికీ అహోబిలానికీ మెట్లు కట్టించాడు. అదే కాలంలో ఆయన ఆస్థానంలో ఉన్న ఎర్రన అహోబిల కథను నృసింహపురాణంగా రచించాడు. రాయి పేర్చి మెట్టు కట్టడమూ పద్యం పేర్చి స్థలపురాణం కట్టడమూ ఒకే రాజు నీడలో సాగడం ఆ యుగపు రాజకీయానికి క్షేత్రాలు ఎంత అవసరమో చూపుతుంది. ఆ మెట్ల దారికి నిజమైన కాపలాదారులు మాత్రం చెంచులు. నల్లమలనే ఇల్లుగా చేసుకొని వేట, తేనె, దుంపల మీద బతికిన ఈ ఆదివాసులు యాత్రికులకు దారి చూపి, దొంగల బెడద లేకుండా కావలి ఉండి, అందుకు ప్రతిఫలంగా తలకింత అని రుసుము తీసుకునే హక్కు కలిగి ఉండేవారు. నరసింహస్వామి చెంచులక్ష్మిని పెళ్లాడాడన్న అహోబిల కథా, మల్లన్నను తమ ఇంటి అల్లుడిగా చెప్పుకునే శ్రీశైల చెంచుల నమ్మకమూ ఈ కావలి హక్కుకు పురాణపు ముద్ర వేశాయనడం తప్పు కాదు.

మార్పు మొదట నీటి రూపంలో వచ్చింది. మద్రాసు ఇరిగేషన్ కంపెనీ తుంగభద్రపై సుంకేసుల దగ్గర ఆనకట్ట కట్టి, 1860లలో తవ్వించిన కర్నూలు–కడప కాలువను సాగునీటితో పాటు పడవల రవాణాకు కూడా ఉద్దేశించింది. ఆశించిన లాభం రాక నష్టపోయిన ఆ కంపెనీ నుంచి ప్రభుత్వం 1882లో దాన్ని కొనేసింది. బండి ఆత్మకూరు మండలంలోని సంతజూటూరు ఆనకట్ట ఈ కాలువ వ్యవస్థలోదే. జొన్న, కొర్ర, పత్తి పండిన నేల క్రమంగా వరి నేలగా మారడంతో రెండు పరిణామాలు జరిగాయి: పొలాల మీదుగా పోయే బండ్ల అడ్డదారులు మళ్లూ కాలువలూ అడ్డుపడి మూసుకుపోయాయి, రెండో పంట వేసిన చోట సంక్రాంతి తర్వాత రైతుకు తీరిక మిగల్లేదు. ఇరవయ్యో శతాబ్ది చివర తెలుగుగంగ పథకం కింద గాలేరు మీద వెలుగోడు జలాశయం, దాదాపు 17 టీఎంసీల సామర్థ్యంతో, ఏర్పడి, దాని ప్రధాన కాలువ కొండ అంచు వెంబడే దక్షిణానికి పారడంతో పాత యాత్రా బాట నడిచిన చోటనే నీళ్లు నడిచాయి. నీళ్లు వచ్చాక ఈ సీమ వలసలు తగ్గి, కడుపునిండా అన్నం తిన్నది. ఆ లాభం ముందు యాత్రా దారి పోయిందని వగచడం న్యాయం కాదు. కానీ పోయినదేదో చెప్పుకోవడంలో తప్పు లేదు.

రైలు మరొక పోటు. 19వ శతాబ్ది చివరి దశాబ్దాల్లో గుంతకల్లు వైపు నుంచి నంద్యాల మీదుగా నల్లమలను చీల్చుకొని, దొరబావి వంతెన, బొగద సొరంగం దాటి కోస్తాకు పోయే మీటరుగేజి మార్గం పడగానే, దూరపు యాత్రికుడు నంద్యాలలోనో గాజులపల్లెలోనో దిగి మహానందికి చేరడం మొదలుపెట్టాడు. రోజుల తరబడి నడిచిన బండి స్టేషను నుంచి గుడి దాకా ఒక పూట నడిచే బాడుగ బండి అయింది. ఆ తర్వాత ప్రైవేటు బస్సులు, 1958లో ఏర్పడిన ఆర్టీసీ, శ్రీశైలానికి దోర్నాల మీదుగా పడిన ఘాట్ రోడ్డు వచ్చాయి. 1970ల తర్వాత కొన్నాళ్లు ట్రాక్టరు ట్రాలీ గూడు బండి స్థానాన్ని తీసుకుంది. అందులోనూ ఊరంతా కలిసి కూర్చుని, పొయ్యి రాళ్లు, చెంబు, చాప వెంట తీసుకొని వెళ్లేవారు గనుక పాత యాత్రకు అదే చివరి అంకం. ఆటోలూ కార్లూ వచ్చాక యాత్ర ఊరిది కాకుండా ఇంటిది అయింది. ఉదయం ఇంట్లో టిఫిను తిని, నవనందులూ చూసి, రాత్రికి ఇంటికి చేరడం మామూలైంది. దారిలో ఆగవలసిన అవసరం తీరిపోయాక మజిలీ ఊళ్లతో యాత్రికుడికి పని లేకుండా పోయింది.

ఊళ్ల వైపు నుంచి కూడా ఆ వ్యవస్థ అప్పటికే సడలింది. గుడిలో మేళం వాయించేవాడికి, దివిటీ పట్టేవాడికి, పూలు తెచ్చేవాడికి, కుండలిచ్చేవాడికి ఈనాం అనే పేరుతో, అంటే చేసే సేవకు ప్రతిగా శిస్తు లేకుండానో తక్కువ శిస్తుకో, భూమి అనుభవించే హక్కు ఉండేది. 1956 నాటి ఈనాముల రద్దు చట్టం ఆ లంకెను తెంచింది. 1984లో కరణం, మునసబు పదవులు రద్దయి, ఊరి తరఫున యాత్రికుడిని పలకరించే అధికార స్వరం పోయింది. తరతరాల కరణాలు దండకవిలె అనే గ్రామ లెక్కల పుస్తకంలో రాసి ఉంచిన ఉత్సవ ఖర్చులు, మాన్యాల వివరాలు చాలాచోట్ల చెదలపాలయ్యాయి. 19వ శతాబ్ది తొలి ఏళ్లలో కాలిన్ మెకంజీ మనుషులు ఈ సీమ ఊళ్లు తిరిగి సేకరించిన కైఫియత్తులు, అంటే ఒక్కో ఊరి పుట్టుపూర్వోత్తరాల వృత్తాంతాలు, ఇలాంటి కవిలెలను ఆధారం చేసుకున్నవే గనుక నేడు కొంతైనా మిగిలింది. 1987 నాటి దేవాదాయ చట్టం వంశపారంపర్య అర్చక హక్కులను రద్దు చేసింది. పెద్ద ఆలయాలకు ఆదాయమూ పరిపాలనా పెరిగి, చిన్న గుళ్లకు దీపపు నూనె వెదుక్కునే పరిస్థితి వచ్చింది. ఆ చట్టాల ఉద్దేశాలను తప్పుపట్టలేం. గుడి భూములను తినేసిన పెద్దమనుషుల కథలు ప్రతి మండలంలోనూ ఉన్నాయి. అడవి వైపు తలుపు కూడా ఇంచుమించు ఇదే కాలంలో మూసుకుంది: నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం, దాన్ని ఆనుకొని గుండ్లబ్రహ్మేశ్వరం అభయారణ్యం ఏర్పడ్డాక లోపలి క్షేత్రాలకు అనుమతి ఉంటే గాని వెళ్లరాదు. పులికి అది మేలే. చెంచుల దారి హక్కుకు మాత్రం బదులేమీ దొరకలేదు.

పాత మజిలీ స్వభావాన్ని కొంతలో కొంత నిలబెట్టినవి అన్నదాన ఆశ్రమాలు. 1995లో పరమపదించిన అవధూత కాశినాయన నల్లమల అంచున పాడుబడిన గుళ్లను బాగుచేయించి, వచ్చినవారికి కులం అడగకుండా, వేళ చూడకుండా అన్నం పెట్టే పద్ధతిని స్థిరపరచాడు; ఆయన పేరున ఉన్న ఆశ్రమాలు ఈ సీమ క్షేత్రాల్లో ఆ పని కొనసాగిస్తున్నాయి. గింజలు ఇచ్చేది చుట్టుపక్కల రైతులే కనుక ఒకప్పుడు ఊరు యాత్రికుడికి పెట్టిన పిడికెడు ఇప్పుడు ఆశ్రమం గాదె గుండా వెళుతున్నదన్నమాట. పాత చావిడి అరుగు మీద దొరకని సమానత్వం ఈ పంక్తిలో దొరుకుతుంది. మహానంది, శ్రీశైలాల్లోని కుల సత్రాలు మాత్రం ఏసీ గదులుగా మారి, కులాన్ని నామఫలకం మీద భద్రంగా నిలుపుకొన్నాయి.

ఎద్దు సంగతి మరీ విచిత్రం. బండి పోయినా ఎద్దు పూర్తిగా పోలేదు. నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల తిరునాలల్లో ఈనాటికీ బండలాగుడు పోటీలు జరుగుతాయి. పళ్ల సంఖ్యను బట్టి వయసు లెక్కించి, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, సీనియర్లు అన్న విభాగాలుగా ఒంగోలు జాతి జతలను దింపి, నిర్ణీత సమయంలో ఏ జత బండను ఎక్కువ దూరం లాగితే దానికి బహుమతి ఇస్తారు. ఈ జతలకు లక్షలు పోసి, ఉలవలూ బాదం పప్పూ పెట్టి పెంచే ఆసాములు ఉన్నారు. ఆ ఎద్దులు కాడి కింద నాగలి గాని బండి గాని ఎరగవు, పోటీ ఆవరణకు కూడా లారీ ఎక్కి వస్తాయి. కుటుంబాన్ని దేవుడి దగ్గరికి చేర్చిన బలం ఇప్పుడు గుడి ముందు ఒక రాతిబండను అటూ ఇటూ ఈడ్చడానికి ఖర్చవుతున్నది. జాతి నిలిచినందుకు సంతోషించాలి గాని, ఇది యాత్రా సంప్రదాయపు కొనసాగింపు అని వేదికల మీద చెప్పే మాటలు నమ్మదగినవి కావు.

నిజమైన కొనసాగింపు ఆళ్లగడ్డ వైపు ఉంది. 1515లో కళింగ దండయాత్ర సందర్భంగా కృష్ణదేవరాయలు దర్శించి కానుకలు సమర్పించిన అహోబిలంలో, కనుమ నాడు ఉత్సవమూర్తులు పల్లకీ ఎక్కి పారువేటకు, అంటే వేట నెపంతో సాగే ఊరేగింపుకు, బయలుదేరుతారు. తమ ఆడపడుచును పెళ్లాడిన స్వామి పల్లకీకి చెంచులు విల్లంబులు ఎక్కుపెట్టి మర్యాద చేస్తే వేట మొదలైనట్టు లెక్క. ఆ తర్వాత 40 రోజులకు పైగా స్వామి గుడికి తిరిగి రాడు. ముప్పైకి మించిన ఊళ్లలో ఒక్కో ఊరికీ వెళ్లి, తెలుపు అని పిలిచే రాతి అరుగు మీద దిగి, ఊరివారి పూజలు అందుకొని, తన పెళ్లికి అందరినీ పిలిచి, బోయీల భుజాల మీద మరుసటి ఊరికి సాగుతాడు. పల్లకీ వచ్చే రోజు ఆ ఊరికి పండుగ. అల్లుళ్లూ ఆడబిడ్డలూ వస్తారు, బెండ్లు బత్తాసుల అంగళ్లు వెలుస్తాయి, ఏ ఇల్లు ఏ సేవ చేయాలో ఇంకా నోటి లెక్కగానే నడుస్తుంది. మనుషులు మానేసిన మజిలీ ఆచారాన్ని ఇక్కడ దేవుడు పాటిస్తున్నాడు. ఫాల్గుణ బ్రహ్మోత్సవాలకు ముందే పల్లకీ కొండకు చేరాలి కనుక, పాత యాత్రల తీరు చూడదలచినవారు కనుమ దాటగానే ఆళ్లగడ్డకు వెళ్లి, ఆ రోజు స్వామి ఏ ఊరి తెలుపు మీద ఉన్నాడో బస్టాండులో అడిగితే చాలు.